ఆధారము చూపుట : వైద్యపత్రికల వాంకూవర్ పద్ధతి

మాది నెల్లూరికి తూర్పుగా, సముద్రమునకు చేరువనున్న ఇందుకూరుపేట. నేను వైద్యుడను కాను. నలువది సంవత్సరములు దస్తావేజులు వ్రాసి బ్రతికినవాడను. అట్టివాడు వైద్యపత్రికలనుగూర్చి మాటలాడుట యేమని మీలో కొందఱు నవ్వవచ్చును. కాని నేను చెప్పబోవునది రోగములనుగూర్చి కాదు, మందులనుగూర్చియు కాదు. వైద్యులు తమ వ్యాసముల చివర “ఈ మాటకు ఆధార మిది” యని వ్రాయు చిన్న పంక్తినిగూర్చి. దాని తీరు తెలిసినకొలదియు అది నా వృత్తికి దగ్గఱి చుట్టమని నాకు తోచినది.

ఆ పంక్తితో నాకు పరిచయము కలిగిన విధమును ముందు మనవిచేసెదను. కొంతకాలము క్రిందట నీటినుండి ఫ్లోరైడును తీయు యంత్రము లమ్మువారు మా యూరికి వచ్చి రంగుల కరపత్రములు పంచిరి. “నెల్లూరు జిల్లా నీటిలో ఫ్లోరైడు విషమున్నది. అది యెముకలను వంచును. ఇది వైద్యశాస్త్రము నిరూపించిన సత్యము” అని అందులో పెద్ద యక్షరములతో నుండెను. అడుగున చీమతలకాయలంత యక్షరములతో ఇంగ్లీషున నొక పంక్తి యుండెను. దానిని తెలుగు లిపిలో నిట్లు వ్రాయవచ్చును :

“షార్ట్ హెచ్‌ఈ, పండిట్ సీజీ, రాఘవాచారి టీఎన్‌ఎస్. ఎండెమిక్ ఫ్లోరోసిస్ ఇన్ ది నెల్లూర్ డిస్ట్రిక్ట్ ఆఫ్ సౌత్ ఇండియా. ఇండియన్ మెడ్ గాజ్. 1937;72:396-8.”

ఇంటింటికి చందా వేసి యంత్రమొకటి కొందమని పెద్దలు రచ్చబండకడ దాదాపు నిశ్చయించిరి. నేనును తల యూపితిని. ఏలయన ఆ పంక్తిని చూచి నాకు గౌరవము కలిగెను. అది నాకు బొత్తిగా అర్థము కాలేదు. అర్థము కాలేదు గావున నిజమే యైయుండునని తలచితిని. అది నా తప్పు. నలువది సంవత్సరములు పత్రములతో మెలగినవాడు చేయదగని తప్పు.

ఆ వారముననే నా మనుమరాలు సెలవులకు వచ్చినది. ఆమె వైద్యవిద్య చదువుచున్నది. కరపత్రమును తిప్పి తిప్పి చూచి, “తాతయ్యా, ఈ వ్యాసమును ఎవరైనా చదివినారా?” అని యడిగినది. “అడుగున ఆధారము వ్రాసియున్నారు గదమ్మా” అంటిని. “వ్రాసినది మనము పోయి చదువుటకే గదా” అన్నది. ఆ మాటయే ఈనాటి ప్రసంగమునకు మూలము.

దస్తావేజులో భూమిని “రామయ్య చేను” అని వ్రాసిన చాలదని మీరెఱుగుదురు. గ్రామము, సర్వే నంబరు, విస్తీర్ణము, నాలుగు వైపుల హద్దులు వ్రాయవలెను. ఎందుకు? అమ్మినవానికిని కొన్నవానికిని ఆ చేను తెలియక కాదు. వారిద్దఱు గతించిన పిదప, ఏబది యేండ్లకు, వారి మొగము నెఱుగని వాడొకడు ఆ కాగితము పట్టుకొని బయలుదేరినను సరిగా ఆ గట్టుమీదకే వచ్చి నిలువవలెను. వైద్యవ్యాసముల చివరి పంక్తియు నట్టిదే. అది వ్రాసినవాని పాండిత్యమునకు అలంకారము కాదు. చదువువాడు స్వయముగా పోయి చూచుకొనుటకు త్రోవ.

ఈ త్రోవ చూపుటకు మొదట ఒక్క పద్ధతి యుండలేదు. పందొమ్మిదవ శతాబ్దమున వైద్యపత్రికలు పుట్టగొడుగులవలె లేచెను. ఏ వ్యాసము ఏ పత్రికలో నున్నదో కనుగొనుటయే వైద్యులకు కష్టమాయెను. అమెరికా సైన్యమునందు శస్త్రవైద్యుడైన జాన్ షా బిల్లింగ్స్ అనువారు 1879లో “ఇండెక్స్ మెడికస్” అను పట్టికను ప్రారంభించి, లోకమందలి వైద్యవ్యాసముల పేర్లను వరుసగా అచ్చువేయించిరి. దానిని అచ్చువేయుట 2004లో ఆగెను. ఆ పని నేడు యంత్రగణకములమీద జరుగుచున్నది. పట్టిక యేర్పడినను చిక్కు పూర్తిగా తీరలేదు. ఆధారమును వ్రాయుటలో ఒక్కొక్క పత్రికది ఒక్కొక్క తీరు. ఒకరు సంవత్సరమును ముందు వ్రాయుమందురు, మఱియొకరు చివర వ్రాయుమందురు. ఒక పత్రికవారు త్రిప్పిపంపిన వ్యాసమును మఱియొక పత్రికకు పంపవలెనన్న, ఉన్న ఆధారములన్నిటిని మొదటినుండి తిరుగ వ్రాయవలసి వచ్చెడిది.

1978 జనవరిలో కెనడా దేశమున, బ్రిటిష్ కొలంబియాలోని వాంకూవర్ పట్టణమున కొందఱు వైద్యపత్రికల సంపాదకులు కూడి, వ్యాసము లెట్లు వ్రాసి పంపవలెనో ఉమ్మడిగా కొన్ని నియమము లేర్పఱచుకొనిరి. అవి 1979లో వెలువడెను. వానిలో ఆధారములు వ్రాయు తీరును అమెరికా జాతీయ వైద్యగ్రంథాలయమువారు సిద్ధపఱచిరి. ఆ సంపాదకుల కూటమియే తరువాత అంతర్జాతీయ వైద్యపత్రికా సంపాదక సంఘమైనది. పుట్టిన యూరినిబట్టి ఆ తీరునకు వాంకూవర్ పద్ధతి యని పేరు వచ్చినది. కరపత్రము అడుగున నున్నది ఆ పద్ధతియే.

ఇక దాని అంగములను ఒక్కొక్కటిగా చూతము.

మొదటిది అంకె. వ్యాసము మధ్యలో ఒక సంగతి చెప్పినచోట ఆధారము పూర్తిగా వ్రాయరు. 1, 2, 3 అని అంకె వేసి విడిచెదరు. పూర్తి వివరము ఆ అంకె క్రింద వ్యాసము చివర నుండును. అంకెలు అకారాది క్రమమున రావు. వ్యాసములో ఏది ముందు ప్రస్తావింపబడినదో దానికి 1. మన యిండ్లలో పెండ్లికి చదివింపుల పద్దు వ్రాయునట్లే. ముందు వచ్చి చదివించినవారి పేరు ముందు పడును. ధనికుడని, దగ్గఱి బంధువని వరుస మార్చరు. ఒకే ఆధారము పదిసార్లు అక్కఱకు వచ్చినను దానికి మొదటి అంకెయే తప్ప క్రొత్త అంకె లేదు.

రెండవది వ్రాసినవారి పేర్లు. కుటుంబనామము ముందు, సొంతపేరున కున్న పొడి అక్షరములు తరువాత. అక్షరముల నడుమ చుక్క లుండవు. ఆఱుగురివఱకు పేర్లన్నియు వ్రాయుదురు. అంతకు మించినచో మొదటి ఆఱుగురిని వ్రాసి “తదితరులు” అను అర్థముగల లాటిన్ మాటను చేర్చెదరు. ఇక్కడ మన తెలుగువారికి ఒక ప్రత్యేకమైన చిక్కు కలదు. దానికి మరల వత్తును.

మూడవది వ్యాసము పేరు. దానిని పూర్తిగా, ఉన్నదున్నట్లు వ్రాయవలెను. మన కనుకూలముగా కుదింపరాదు.

నాలుగవది పత్రిక పేరు. ఇది మాత్రము కుదించి వ్రాయుదురు. “ఇండియన్ మెడ్ గాజ్” అనగా ఇండియన్ మెడికల్ గెజెట్. అది 1866లో కలకత్తాలో మొదలైన పత్రిక. ఈ కుదింపులు ఎవరికి తోచినట్లు వారు చేయుటకు వీలులేదు. జాతీయ వైద్యగ్రంథాలయమువారి పట్టికలో ప్రతి పత్రికకు ఒక కుదింపు నిర్ణయమై యున్నది. దానినే వాడవలెను.

ఐదవది సంవత్సరము, సంపుటము, పుటలు. “1937;72:396-8” అను గొలుసును చూచి నేను మొదట ఏదో లెక్క యనుకొంటిని. 1937 సంవత్సరము, 72వ సంపుటము, 396వ పుటనుండి 398వ పుటవఱకు అని దాని యర్థము. చివరి 8 అనగా 398 యని గ్రహింపవలెను. తిరిగి వచ్చు అంకెలను వదలివేసి మిగిలినదానినే వ్రాయుట వీరి ఆచారము. దస్తావేజులో నే నట్లు వ్రాసినచో రిజిస్ట్రారు నన్ను బయటికి పంపియుండును. మేము అంకెలలోను అక్షరములలోను రెండుమార్లు వ్రాయుదుము. సంచిక అంకెను కుండలీకరణములలో చేర్చుటయు కలదు. కాని పుటల లెక్క సంపుటమంతట ఒకే వరుసగా సాగు పత్రికలకు దానిని విడిచినను దోషము లేదు.

సంవత్సరము చెప్పిన పిదప సంపుట మెందుకని నేను నా మనుమరాలి నడిగితిని. ఆమె చెప్పినదానిని నే నిట్లు గ్రహించితిని. ఒకదానిలో అచ్చుతప్పు పడినను రెండవది దానిని పట్టియిచ్చును. సర్వే నంబరు తప్పుపడినను హద్దులు చేనును పట్టియిచ్చుట లేదా! మన పెద్దలు ఈశ్వర సంవత్సరమని వ్రాసియుంచినచో అది 1937 కావచ్చును, 1997 కావచ్చును. అరువది యేండ్ల కొకమారు పేరు తిరిగి వచ్చును. ఇంకొక గుర్తు తోడైననే కాలము నిర్ణయ మగును. ఒక్క గుర్తును నమ్మకుండుటయే పత్రములు వ్రాయువారి మొదటి పాఠము.

ఈ వివరము లన్నియు లేకున్న నేమగునో మా పంక్తియే చెప్పును. “షార్టు దొర 1937లో వ్రాసినాడు” అన్న చాలదా యని మీరనవచ్చును. చాలదు. గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూటునకు అధిపతిగా నుండిన షార్టు ఆ 1937లోనే ఫ్లోరైడు వ్యాధినిగూర్చి రెండు వ్యాసములలో పాల్గొనెను. ఒకటి పండిట్, రాఘవాచారిగార్లతో కలిసి నెల్లూరు జిల్లాను గూర్చి ఇండియన్ మెడికల్ గెజెట్‌లో వ్రాసినది. రెండవది వేఱు సహచరులతో కలిసి మద్రాసు రాజధానినంతటిని గూర్చి ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రిసర్చ్ 25వ సంపుటములో వ్రాసినది. ఒకే మనిషి, ఒకే యేడు, ఒకే రోగము. పత్రిక, సంపుటము, పుట చెప్పకున్న ఎవరు దేనినిగూర్చి మాటలాడుచున్నారో తెలియదు. ఒకే యూరిలో ఒకే పేరుగల యిద్దఱు రైతులున్నచో తండ్రిపేరు వ్రాయక తప్పునా?

ఇప్పుడు పేర్ల చిక్కును చెప్పెదను. పాశ్చాత్యులలో కుటుంబనామము చివర వచ్చును. మనకు ఇంటిపేరు ముందు వచ్చును. పత్రికలవారు చివరి మాటయే కుటుంబనామ మనుకొని దానిని ముందునకు తెత్తురు. అప్పుడు మన సొంతపేరు కుటుంబనామ మగును, మన యింటిపేరు ఒక్క పొడి అక్షరమై మిగులును.

భీమవరమున 1895లో పుట్టి, మద్రాసులో వైద్యము చదివి, 1922లో అమెరికా చేరిన యల్లాప్రగడ సుబ్బారావుగారి కిట్లే జరిగినది. ఆయన సైరస్ ఫిస్క్ అను ఆచార్యునితో కలిసి, రక్తము మొదలగు వానిలో భాస్వర మెంత యున్నదో నీలిరంగు చిక్కదనమునుబట్టి కొలుచు పద్ధతిని కనుగొనిరి. ఆ వ్యాసము 1925లో జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ 66వ సంపుటమున 375వ పుట మొదలు 400వ పుటవఱకు అచ్చైనది. ఆ వ్యాసమును ఆధారముగా చూపిన వ్యాసములు వేలకొలది కలవు. వాంకూవర్ పద్ధతిన వ్రాయునపుడు ఆ పంక్తి “ఫిస్క్ సీహెచ్, సుబ్బరో వై” యని మొదలగును. యల్లాప్రగడవారి వంశనామమంతయు “వై” అను ఒక్క అక్షరములో ఒదిగిపోయినది!

ఆయన తన పేరును సుబ్బరో యని ఒకే మాటగా, ఒకే వర్ణక్రమముతో వ్రాసికొనుట మేలైనది. సుబ్బా, రావు అని రెండు మాటలుగా వ్రాసియున్నచో ఆ పంక్తిలో “రావు వైఎస్” అయి, లోకమునగల వేలాది రావులలో కలిసిపోయెడివారు. కావున మీ యిండ్లలో వైద్యము, విజ్ఞానము చదువు పిల్లలున్నచో ఈ యొక్క మాట చెప్పుడు. మొదటి వ్యాసము అచ్చువేయించునాడే పేరెట్లు వ్రాయవలెనో నిర్ణయించుకొని, కడవఱకు దానినే వాడవలెను. ఒకమారు ఇంటిపేరు ముందు, ఒకమారు వెనుక, ఒకమారు పొడి అక్షరములతో వ్రాసినచో ఒకే మనిషి ముగ్గురై, ఒకని కష్టము ముగ్గురి పద్దున పడును.

ఆఱుగురి నియమముయొక్క బలమును కూడ సుబ్బారావుగారి వలననే చూపవచ్చును. మన కోస్తా ప్రజలకు బోదకాలు ఎంత పాత బాధయో చెప్పనక్కఱలేదు. ప్రభుత్వమువారు ఊరూర పంచిన డీఈసీ మాత్రకు మూలమైన పరిశోధన, ఆయన నడపిన లెడర్లే పరిశోధనశాలలో జరిగినది. 1947లో జర్నల్ ఆఫ్ లాబొరేటరీ అండ్ క్లినికల్ మెడిసిన్ 32వ సంపుటమున వచ్చిన ఆ వ్యాసమునకు కర్తలు ఆఱుగురు. మొదటిపేరు హెవిట్, ఆఱవపేరు సుబ్బారావు. ఆఱుగురే గావున ఆయన పేరు ఈనాటి పంక్తిలో నిలుచును. ముందు ఇంకొక్కడు చేరి ఆయన ఏడవవా డయియున్నచో “తదితరులు” అను మాటలో మరుగుపడియుండును. ఆ మాట వెనుక ఎందఱి కష్టమున్నదో తెలిసికొనుటకు కూడ మూలవ్యాసమును తెఱచియే చూడవలెను.

ఇక మా యూరి కథకు వత్తును. పంక్తి పట్టుకొని నా మనుమరాలు బయలుదేరినది. దూరము పోనక్కఱలేకపోయెను. ఇండియన్ మెడికల్ గెజెట్ పాత సంపుటములను పుటపుటకు చిత్రములు తీసి అమెరికా వైద్యగ్రంథాలయమువారు అంతర్జాలమున ఉచితముగా నుంచినారు. మా యింటి వసారాలో కూర్చుండి, 72వ సంపుటము 396వ పుటను చేతి ఫోనులో తెఱచి నాకు చదివి వినిపించినది. గొలుసులోని ప్రతి అంకెయు సరిగా నుండెను. కరపత్రమువారు పంక్తిని కల్పింపలేదు. వ్యాసము నిజమైనది. అందు చెప్పిన రోగమును నిజమైనదే. నీటిలోని ఫ్లోరైడు మితిమీఱి యేండ్లతరబడి లోనికి పోయినచో పండ్లపై మచ్చలు పడును, వెన్నెముక బిగిసి మనిషి వంగిపోవును.

కాని అది యే నెల్లూరు జిల్లా? 1937 నాటి నెల్లూరు జిల్లా. ఆ రోగము కనబడిన దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతములు ఆనాడు మన జిల్లాలోనివి. 1970లో ఒంగోలు జిల్లా యేర్పడినపుడు అవి విడిపోయినవి. ఆ జిల్లాకే తరువాత ప్రకాశము జిల్లా యని పేరు వచ్చినది. అది పడమటి మెట్టసీమ. అచటి నీరు ఫ్లోరైడు గల రాతిపొరలలో నిలిచి, దానిని కరగించుకొని బావిలోనికి ఊరును. మాది పెన్న తెచ్చి పోసిన ఒండ్రుమట్టి. మాకు సముద్రము దగ్గఱ, రొయ్యల గుంటలు దగ్గఱ. మా బాధ ఉప్పునీటి బాధ.

కరపత్రమువారు సంవత్సరమును దాచలేదు. 1937 అని స్పష్టముగానే వ్రాసిరి. ఆ నాలుగంకెలను చూచి “అప్పటి జిల్లా హద్దు లేవి?” అని అడుగవలసినవాడను నేనే. జీవితమంతయు హద్దులు వ్రాసిన నాకు ఆ ప్రశ్న తోచకపోయెను! మఱునాడు రచ్చబండకడ ఈ సంగతి చెప్పితిని. కొందఱు, “దొరలు అబద్ధము వ్రాసినా రందువా?” అని కోపించిరి. “వారు వ్రాసినది నిజము. అది మన బావినిగూర్చి వ్రాసినది కాదు” అంటిని. తుదకు మా వీధి బావినీటిని సీసాలో పట్టి ప్రభుత్వ పరీక్షకు పంపితిమి. త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థవారి నిర్ణయము. మా నీటిలో ఫ్లోరైడు ఆ హద్దు దాటలేదనియు, ఉప్పు మాత్రము మిక్కుటమనియు తేలినది. ఆ యంత్రము ఫ్లోరైడును పట్టునదే గాని ఉప్పును తీయునది కాదు. చందా మిగిలినది.

దీనివలన నేను నేర్చినది రెండు ముక్కలు. పంక్తి సరిగా నుండుట వేఱు. పంక్తి చూపు వ్యాసము మన మాటను బలపఱచుట వేఱు. మొదటిదానిని వాంకూవర్ నియమములు నేర్పును. రెండవదానికి చదువుట తప్ప నియమము లేదు.

ఇది మా పల్లెకే వచ్చిన పొరపాటు కాదు. మహావిద్వాంసులును ఇట్లే పొరపడిరి. 1980 జనవరిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ 302వ సంపుటము 123వ పుటలో పోర్టర్, జిక్ అను ఇరువురు ఐదు వాక్యముల లేఖ నొకటి ప్రకటించిరి. ఆసుపత్రిలో నుండగా నల్లమందు జాతి మందులు పుచ్చుకొన్న 11,882 మంది రోగుల వ్రాతలను చూడగా, వానికి అలవాటుపడినట్లు స్పష్టముగా తెలిసినవారు నలుగురే యని అందు చెప్పిరి. అది ఆసుపత్రిలో, వైద్యుల కనుసన్నలలో నున్న రోగుల సంగతి. తరువాతివారు కొందఱు దానిని ఆధారముగా చూపి, ఈ మందులు ఇంటికి తీసికొనిపోయి నెలలతరబడి మ్రింగినను అలవాటు పడదన్నట్లు వ్రాసిరి. వారిని చూచి వేఱొకరు, వారిని చూచి ఇంకొకరు వ్రాసిరి. 2017లో కెనడా పరిశోధకులు లెక్కింపగా ఆ చిన్న లేఖను 608 వ్యాసములు ఆధారముగా చూపియుండెను. వానిలో 439 వ్యాసములు, అలవాటుపడుట అరుదనుటకు దానిని సాక్ష్యముగా నిలిపెను. అది ఆసుపత్రి రోగులనుగూర్చినదని 491 వ్యాసములు చెప్పనే లేదు.

ఈలోగా అమెరికాలో ఆ జాతి మందులకు బానిసలైనవారు, మితిమీఱి పుచ్చుకొని మరణించినవారు లక్షలకొలది. అంత యనర్థమునకు ఆ లేఖ యొక్కటియే కారణమని నే ననను. కాని ఆ మందులు భయము లేనివను నమ్మకము ప్రబలుటకు అదియు తోడ్పడినదని ఆ పరిశోధకులు తేల్చిరి. లేఖ వ్రాసినవారు అబద్ధ మాడలేదు. పంక్తిలో అంకె తప్పలేదు. చూపినవారిలో ఎందఱో తెఱచి చూడలేదు. ఐదు వాక్యములు చదువుటకు ఎంతసేపు పట్టును?

ఆధారములను మూలముతో సరిచూచుకొనవలెనని, వీలైనంతవఱకు ఇతరుల వ్యాసమునుండి ఎత్తివ్రాయక మొదటి పరిశోధననే చూపవలెనని సంపాదక సంఘమువారి నియమములలోనే కలదు. నకలునకు నకలు వ్రాసినచో హద్దులు జరుగునని మా వృత్తిలోనివారందఱు నెఱుగుదురు. అసలు దస్తావేజును చూడక నకలును చూచి వ్రాసిన పత్రము ఎన్ని తగవులు తెచ్చినదో చెప్ప నాకు ఈ రాత్రి చాలదు.

ఇంకొక జాగ్రత్త కలదు. భూమి కొనువాడు దస్తావేజు చూచిన చాలదు. ఆ పత్రము తరువాత రద్దయినదేమో, భూమి తాకట్టున నున్నదేమో తెలిసికొనుటకు ఈ.సీ. తీయించును. వైద్యవ్యాసములకును రద్దు కలదు. తట్టు మొదలగు వానికి వేయు టీకావలన పిల్లలకు ఆటిజమను మనోవికాస లోపము కలుగునేమో యని శంక రేపిన వ్యాసమొకటి 1998లో లాన్సెట్ అను పత్రిక 351వ సంపుటము 637వ పుటనుండి అచ్చైనది. 2010లో ఆ పత్రికవారే దానిని ఉపసంహరించుకొనిరి. కాని పంక్తి చెరిగిపోదు. 1998, 351, 637 అను అంకెలు నేటికిని సరిగానే యున్నవి. ఆ వ్యాసమును ప్రస్తావింపవలసి వచ్చినపుడు అది ఉపసంహరింపబడినదని ప్రక్కన వ్రాయవలెను. ఆ మాట లేకుండ ఎవరైన మీ కా పంక్తి చూపి టీకాలు వద్దన్నచో, రద్దయిన పత్రమును చూపి చేను అమ్మజూపినట్లే తలపుడు.

కాలము మాఱుచున్నది. నేడు కొన్ని పత్రికలు కాగితముమీద అచ్చుకానే కావు. పుట లేనిచోట పుట అంకె ఎక్కడిది? అందువలన ప్రతి వ్యాసమునకు డీఓఐ అను శాశ్వతమైన గుర్తు నిచ్చుచున్నారు. అది 10 అను అంకెతో మొదలగును. పత్రిక తన చిరునామా మార్చినను ఆ గుర్తు మనలను ఆ వ్యాసమువద్దకు చేర్చును. పాత గొలుసుతో పాటు దానినికూడ వ్రాయుట మేలు. రెండు గుర్తులున్న త్రోవ తప్పదు.

గ్రామపెద్దలైన మీకు వైద్యవ్యాసములు వ్రాయు పని యుండదు. కాని మీ ముందుకు కరపత్రములు వచ్చును, చేతి ఫోనులలో సందేశములు వచ్చును, “పరిశోధనలో తేలినది” అనువారు వత్తురు. పదిమంది మీ తలయూపుకొఱకు చూచుచుందురు. అప్పుడు మూడు ప్రశ్న లడుగుడు. మొదటిది, ఆధారము చూపినారా? పేరు, పత్రిక, సంవత్సరము, సంపుటము, పుట లేని మాట హద్దులు లేని దస్తావేజు. రెండవది, చూపినవారు దానిని తెఱచి చదివినారా? మీరు చదువలేకున్నచో ఊరిలో చదువుకొన్న పిల్లలున్నారు. వారిచేత చదివించి తెలుగున చెప్పించుకొనుడు. మూడవది, అది ఎప్పటి మాట, ఏ చోటి మాట, ఎవరినిగూర్చిన మాట? మన యూరికి, మన బావికి, మన యింటి రోగికి అది వర్తించునా?

ఈ ప్రశ్నలకు కోపించువానిని నమ్మవలదు. ఆ పంక్తి వ్రాయుటయే అడుగుమని చెప్పుట గదా. నా మనుమరాలు అడిగినది. నే నడుగలేదు. ఇప్పుడు మా యింటికి ఏ కాగితము వచ్చినను నేను ముందుగా కండ్లజోడు తుడుచుకొని అడుగునుండి చదువుట మొదలుపెట్టుచున్నాను.